పెట్టె తెరిచే ముందు ఏరు చూడండి: ఫ్లై ఫిషింగ్ కొత్తవాళ్ల కోసం ఒక ప్రసంగం

(ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే. కుర్చీలు కాస్త ముందుకి జరుపుకోండి, ఎందుకంటే ఇవాళ నేను చూపించేవి చాలా చిన్న వస్తువులు, కొన్నైతే బియ్యపు గింజంత కూడా ఉండవు.

ఫ్లై ఫిషింగ్ నేర్చుకుందామని వచ్చే ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి మాట ఏంటో తెలుసా? "ఏ ఫ్లై కట్టాలండీ?" ఇదే. ఫ్లై అంటే ఎర బదులు కట్టే ఉత్తుత్తి పురుగు, దాని సంగతి కాసేపట్లో చెప్తా. ఇంకా రాడ్డు చేత్తో పట్టుకోలేదు, ఏటి మొహం చూళ్లేదు, ముందు ఏ ఫ్లై అని అడుగుతారు. ఆ ప్రశ్న తప్పని నేను అనను, కానీ అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న చేప ఎక్కడుంది అని. రెండోది, నా ఫ్లై దాని ముందునుంచి నిజం పురుగు కొట్టుకుపోయినట్టు పోతోందా లేదా అని. ఆ తర్వాతే ఏ ఫ్లై. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నాకు ఈ వరస ఎలా తెలిసొచ్చిందో చెప్తా. నేర్చుకుంటున్న రెండో ఏడు, ఒక పెద్ద రాయి పక్కన ఒక ట్రౌట్ చేప మాటిమాటికీ పైకొచ్చి పురుగులు తింటోంది, నేను దానికోసం పదకొండు ఫ్లైలు మార్చాను. పదకొండు! ఒకటి తెంపడం, ఇంకోటి కట్టడం, వెయ్యడం, అది పట్టించుకోకపోవడం. చివరికి కాళ్లు పట్టేసి ఒక నాలుగడుగులు పక్కకి జరిగి నిలబడ్డాను, మొట్టమొదట కట్టిన ఫ్లైనే మళ్లీ కట్టి వేశాను, వెయ్యగానే పట్టింది. మరి ఏం మారింది? నేను నిలబడ్డ చోటు మారింది. అంతకుముందు నాకూ చేపకీ మధ్య ఒక జోరు పాయ ఉంది, అది నా లైన్‌ని, అంటే గాలం దారాన్ని, లాక్కుపోతోంది, లైన్ ఫ్లైని ఈడ్చుకుపోతోంది. జరిగాక ఆ పాయ అడ్డు పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంతసేపూ నేను ఫ్లైలని తిట్టుకున్నా, వాటి తప్పేం లేదు.

సరే, అసలు ఫ్లై అంటే ఏంటి? ఈగ అని అర్థమే గానీ ఈగ ఒక్కటే కాదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం, సన్న రాగి తీగ, ఒక్కోసారి ఒక చిన్న పూస, ఇవన్నీ చుట్టి పురుగులాగానో చేపపిల్లలాగానో కనపడేట్టు చేసిన వస్తువు. ఇదిగో, ఇది తీసుకుని పక్కవాళ్లకి అందించండి, ముల్లు జాగ్రత్త. బరువేమన్నా తెలుస్తోందా? తెలీదు కదా. కిటుకంతా అక్కడే ఉంది. మామూలు గాలంలో ఎరకో సీసం గుండుకో బరువు ఉంటుంది, దాన్ని విసిరితే అది దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే లేదు, ఎలా విసురుతారు? ఒక కోడి ఈక తీసుకుని బలంగా విసిరి చూడండి ఎంత దూరం పోతుందో. అందుకే ఇక్కడ బరువు తెచ్చి దారంలో పెట్టారు. మనం విసిరేది లైన్‌ని, ఫ్లై దాని చివర పట్టుకుని ఊరికే వెళ్తుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం నేర్చుకున్నట్టే, ఎందుకంటే కొత్తవాళ్లు చేసే తప్పుల్లో చాలామటుకు ఫ్లైని విసరాలని చూడటం వల్ల వచ్చేవే.

లైన్ మీద ఒక నంబర్ ఉంటుంది, అది దాని బరువు. 5 నంబర్ లైన్ అంటే మొదటి 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, గ్రాముల్లో దాదాపు 9. రాడ్డు మీద కూడా నంబర్ ఉంటుంది, రెండూ కలవాలి. మొదటి రాడ్డు ఏది కొనాలి అంటే నేను ఎక్కువ ఆలోచించను, 9 అడుగుల 5 నంబర్ రాడ్డు, దానికి తేలే లైన్, ముందు భాగం బరువుగా ఉండే రకం, వెయిట్ ఫార్వర్డ్ ఫ్లోటింగ్ అని రాసి ఉంటుంది. చిన్న చిన్న వాగులకి 3, 4 నంబర్లు, పెద్ద చేపలకి సముద్రానికి 8 ఆ పైన, అవి తర్వాత చూసుకోవచ్చు. రీల్ గురించి కొత్తవాళ్లు అంత మథనపడక్కర్లేదు, మొదట్లో అది లైన్ చుట్టుకునే బొంగరం, అంతే.

లైన్ చివర లీడర్ కడతాం. 9 అడుగుల సన్న నైలాన్ దారం, లైన్ వైపు లావుగా మొదలై ఫ్లై వైపు సన్నబడుతూ వస్తుంది. ఎందుకు సన్నబడాలి? లైన్ తెచ్చిన ఊపు మెల్లిగా తగ్గుతూ వచ్చి ఫ్లై నీళ్ల మీద దూదిలా వాలాలి, అందుకు. ఆ చివరి సన్న ముక్కనే టిపెట్ అంటారు. దాని లావు ఎక్స్ నంబర్లలో చెప్తారు, ఇక్కడ చిన్న లెక్క ఉంది, 11 లోంచి ఆ నంబర్ తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన లావు వస్తుంది. 5ఎక్స్ అంటే 11 లోంచి 5 పోతే 6, అంటే 0.006 అంగుళం. నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నం. కొక్కేల నంబర్లు కూడా అంతే, 10 కంటే 16 చిన్నది, 20 ఇంకా చిన్నది. ఏ ఫ్లైకి ఏ టిపెట్? ఫ్లై సైజుని 3 తో భాగించండి. 16 సైజు ఫ్లైకి 5ఎక్స్, 12 సైజుకి 4ఎక్స్. కచ్చితమైన శాస్త్రం కాదు గానీ కొత్తలో దారి తప్పనివ్వదు.

లైన్ విసరడం

ఇప్పుడు అందరూ భయపడే విషయం. చూసేవాళ్లకి ఇది గాల్లో ముగ్గేసినట్టు భలే ఉంటుంది, కానీ లోపల ఉన్నది రెండే పనులు, వెనక్కి ఒక ఊపు, ముందుకి ఒక ఊపు, రెండింటి చివరా గట్టిగా ఆపడం. మీలో బట్టలు ఆరేసినవాళ్లు ఎంతమంది? తడి బట్టని తీగ మీద వేసేముందు జాడిస్తాం కదా. ఎలా జాడిస్తాం? మెల్లిగా మొదలెట్టి, వేగం పెంచి, చటుక్కున ఆపుతాం. ఆపితేనే బట్ట ఫట్‌మని విచ్చుకుంటుంది. ఆపకుండా చెయ్యి అలాగే కిందికి తీసుకుపోయారనుకోండి, బట్ట ముద్దగా వేలాడుతుంది. లైన్ కూడా అచ్చం అంతే. మీరు ఆపినప్పుడే రాడ్డులో ఉన్న వంపు లైన్‌లోకి పోతుంది, లైన్ గాల్లో పక్కకి పడుకోబెట్టిన జడపిన్ను ఆకారంలో తిరుగుతూ సాగుతుంది. ఆ వంపునే లూప్ అంటాం. ఇరుకు లూప్ దూరం పోతుంది, గాలిని కోస్తుంది, వెడల్పు లూప్ మధ్యలోనే చచ్చిపోతుంది.

మీ పక్కన ఒక పెద్ద గోడ గడియారం ఉందనుకోండి, మీ తల 12 దగ్గర. ముందువైపు 10 దగ్గర ఆపాలి, వెనకవైపు 1 దగ్గర, మహా అయితే 2. కొత్తవాళ్లు ఏం చేస్తారంటే మణికట్టు వంచేసి వెనక 4 దాకా తీసుకుపోతారు, లైన్ పోయి వెనక గడ్డిలో పడుతుంది. మణికట్టు బిగించి ఉంచండి, పని మోచేతి నుంచి రావాలి, బొటనవేలు రాడ్డు పిడి పైన ఉండాలి.

ఇంకో సంగతి, వెనక్కి ఆపాక వెంటనే ముందుకి రాకండి. ఆగండి. లైన్ వెనక పూర్తిగా తిన్నగా సాగేదాకా ఆగండి. ఎంతసేపు? అది బయట ఉన్న లైన్ పొడవుని బట్టి, పొడుగు లైన్ అయితే ఎక్కువసేపు, పొట్టి లైన్ అయితే ఓ క్షణం. తొందరపడితే కొరడా చెళ్లుమన్నట్టు చప్పుడొస్తుంది, ఆ చప్పుడు వినపడిందంటే చూసుకోండి, చాలాసార్లు ఫ్లై తెగి పోయి ఉంటుంది. అసలు తల తిప్పి వెనక్కి చూడండి, మొహమాటం ఎందుకు? మన లైన్ మనం చూసుకుంటే తప్పేముంది? కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా చూస్తారు.

అలాగే మొదలెట్టే ముందు లైన్‌లో వదులు ఉండకూడదు. రాడ్డు కొన నీళ్ల దగ్గరికి దించి, వదులంతా లాగేసి అప్పుడు ఎత్తండి. రాడ్డు పైకి పెట్టి, లైన్ ఒక బారెడు వేలాడుతుండగా మొదలెడితే మీ ఊపు సగం ఆ వదులు లాగడానికే అయిపోతుంది.

మరి వెనక చెట్లుంటే? అది మంచి ప్రశ్న. అప్పుడు రోల్ కాస్ట్. లైన్‌ని నీళ్ల మీదే మెల్లిగా మీవైపు జరుపుకుంటూ రాడ్డు చెవి దగ్గరికి తెచ్చి ఆపుతారు, లైన్ మీ పక్కన ఒక వంకీలా వేలాడుతుంది, అప్పుడు ముందుకి ఒక ఊపు, ఆపడం. లైన్ చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. ఇది నీళ్ల మీద బాగా వస్తుంది, గడ్డి మీద రాదు, ఎందుకంటే నీళ్లు లైన్‌ని పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు కావాలి. నా మటుకు నేను కొత్తవాళ్లకి మొదట ఇదే నేర్పమంటాను, చెట్లున్న చిన్న ఏళ్లలో రోజంతా దీంతోనే గడిచిపోతుంది.

దూరం గురించి పోటీ పడకండి. చేపల్లో చాలామటుకు 30 అడుగుల లోపే దొరుకుతాయి. 60 అడుగులు వేసి అక్కడ ఫ్లై ఏం చేస్తోందో కనపడకపోవడం కంటే 25 అడుగులు వేసి దాన్ని కళ్లారా చూడటం మేలు. గాల్లో అటూ ఇటూ పదిసార్లు ఊపడం కూడా వద్దు, రెండు ఊపులు, మూడోదానికి వాలిపోవాలి, ఫ్లై గాల్లో ఉన్నంతసేపూ చేప పట్టదు కదా.

ఏరు చదవడం

ఇప్పుడు మన మొదటి ప్రశ్న. చేప ఎక్కడుంది? చేప కూడా లెక్కలు వేసుకుంటుందండీ. ఈదడానికి పెట్టే శక్తి కంటే తినేదాంట్లో వచ్చే శక్తి ఎక్కువ ఉండాలి, లేకపోతే బక్కచిక్కి చస్తుంది. అందుకని జోరు నీళ్లలో నిలబడదు, తిండి రాని నిలవ నీళ్లలోనూ నిలబడదు. రెండూ కలిసేచోట, జోరు పాయ పక్కన నెమ్మది పాయ ఉన్న ఆ గీత దగ్గర, నెమ్మదిలో నిలబడి జోరులోంచి వచ్చేది అందుకుంటుంది. ఆ గీతని సీమ్ అంటారు. మీరు ఏటి పక్కన నిలబడి నురగ ఎటు పోతోందో చూడండి. నురగ పోయే దారే పురుగులు పోయే దారి, తిండి దారి అది. రాయి వెనక చేప ఉంటుందని అందరికీ తెలుసు, రాయి ముందు కూడా ఉంటుంది, అక్కడ నీళ్లు రాయికి కొట్టుకుని వెనక్కి తోసుకుంటాయి కాబట్టి ఒక మెత్తటి చోటు ఏర్పడుతుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు.

ఇంకోటి, పారే నీళ్లలో చేప ఎగువకి తల పెట్టి ఉంటుంది. కాబట్టి దిగువ నుంచి, దాని వెనకనుంచి వెళ్లండి. చేప నీళ్లలోంచి పైకి చూసినప్పుడు పైలోకం మొత్తం ఒక గుండ్రటి కిటికీలోంచి కనపడుతుంది, దాదాపు 97 డిగ్రీల వెడల్పు. ఆ కిటికీ అడ్డుకొలత చేప ఉన్న లోతుకి రెండింతల పైచిలుకు. మూడడుగుల లోతులో ఉన్న చేపకి ఆరేడు అడుగుల కిటికీ. లోతు తగ్గేకొద్దీ కిటికీ చిన్నదవుతుంది, అందుకే పైపైన ఉండి తింటున్న చేపకి ఫ్లై సరిగ్గా దాని దారిలోనే వెయ్యాలి, జానెడు పక్కన పడ్డా అది చూడకపోవచ్చు. వంగి నడవండి, మెరిసే చొక్కాలు వద్దు, మీ నీడ దానిమీద పడనివ్వకండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. ఫ్లై నీళ్ల మీద పడింది. ఇక అది ఎలా పోవాలి? పక్కన ఉన్న నురగ బుడగ ఏ వేగంతో పోతోందో అదే వేగంతో పోవాలి. అంతే, ఇంకేం లేదు, కానీ ఇదే అన్నిటికంటే కష్టం. ఎందుకంటే లైన్ మధ్యలో ఉన్న జోరు పాయ మీద పడుతుంది, అక్కడ లైన్ విల్లులా వంగుతుంది, వంగి ఫ్లైని ఈడుస్తుంది. దీన్నే డ్రాగ్ అంటారు. నిజం పురుగు ఏనాడైనా ప్రవాహానికి అడ్డంగా గీత గీసుకుంటూ పోతుందా? పోదు. చేపకి ఆ సంగతి తెలుసు. దానికి ఇంగ్లీషు రాదు, ఫ్లై పేరు తెలీదు, కానీ ఇది ఈడ్చుకుపోతోంది అని మాత్రం తెలుసు.

దీనికి మందు మెండింగ్. లైన్ పడిన వెంటనే, ఫ్లైని కదపకుండా రాడ్డు కొనతో లైన్‌ని ఎత్తి ఎగువకి తిప్పి పెట్టడం. మధ్యలో జోరు పాయ ఉంటే ఎగువకి, మధ్యలో నెమ్మదిగా ఉండి ఫ్లై జోరులో ఉంటే దిగువకి. ఎత్తి పెట్టాలి, లాగకూడదు. దీనికంటే మంచి మందు ఏంటంటే నేను ఇందాక చెప్పినట్టు నిలబడే చోటు మార్చుకోవడం. రెండడుగులు దగ్గరికెళ్లి రాడ్డు ఎత్తి పట్టుకుంటే లైన్ నీళ్లని తాకనే తాకదు, ఇంక దేన్ని లాగుతుంది?

నీళ్లలో ఏముంది?

ఇప్పుడు మూడో ప్రశ్నకి వద్దాం, మీరందరూ ఎదురుచూస్తున్నది. ముందు ఏటి దగ్గరికెళ్లి ఒక రాయి తీసి తిప్పి చూడండి, చూసి మళ్లీ ఎలా ఉందో అలాగే పెట్టండి. దాని అడుగున పాకే పురుగులు కనపడతాయి. నాలుగు కుటుంబాలు తెలిస్తే చాలు. మేఫ్లై, దీని రెక్కలు తెరచాపలా నిటారుగా ఉంటాయి, తోకలు రెండో మూడో ఉంటాయి. కాడిస్, దీని రెక్కలు గుడారం కప్పినట్టు ఒంటి మీద వాలి ఉంటాయి, దీని లార్వాలు కొన్ని ఇసక రేణువులు, పుల్లముక్కలు పట్టుదారంతో అతికించుకుని చిన్న గూడు కట్టుకుని అందులో ఉంటాయి. స్టోన్‌ఫ్లై, రెక్కలు వీపు మీద బల్లపరుపుగా మడిచి ఉంటాయి. మిడ్జ్, దోమలా చిన్నది, ఏడాది పొడుగునా ఉంటుంది.

మేఫ్లై సంగతి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. పురుగుల్లో రెక్కలొచ్చాక మళ్లీ ఇంకోసారి కుబుసం విడిచేది ఇదొక్కటే. నీళ్లలో ఏడాదో, అంతకంటే తక్కువో ఎక్కువో బతికి, పైకొచ్చి రెక్కలు విప్పి, ఏ చెట్టు మీదో వాలి కుబుసం విడిచి, జత కట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పెద్దదయ్యాక దానికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు ఒక్కసారిగా పుట్టలోంచి లేవడం చూశారు కదా, మేఫ్లైలు కూడా అలాగే ఒకే పూట వేలకు వేలు నీళ్లలోంచి లేస్తాయి. ఆ వేళని హ్యాచ్ అంటాం, అప్పుడు చేపలకి పండగే.

కానీ ఈ పండగ చూసి మోసపోకండి. చేప తినేదాంట్లో ఎక్కువ భాగం నీళ్ల అడుగునే తింటుంది, పురుగు బతికే కాలంలో ఎక్కువ భాగం అడుగునే కాబట్టి. పైన తేలే ఫ్లైని డ్రై ఫ్లై అంటారు, అడుగున పోయేదాన్ని నింఫ్ అంటారు. డ్రై చూడముచ్చటగా ఉంటుంది, చేప వచ్చి పట్టడం కళ్లతో చూస్తాం, నాకూ అదే ఇష్టం. కానీ పైన ఏమీ కదలకపోతే గంటలు గంటలు డ్రై వేస్తూ కూర్చోవద్దు, నింఫ్ కట్టండి.

పైన చేపలు కదులుతుంటే ఎలా కదులుతున్నాయో చూడండి. ముక్కు బయటపెట్టి మెల్లిగా చప్పరించినట్టు తీసుకుంటుంటే పైన తేలే చిన్న పురుగులు. నీళ్లు చిమ్ముతూ ఎగబడుతుంటే చాలాసార్లు కాడిస్. ముక్కు కనపడకుండా వీపు మాత్రమే తేలి మునుగుతుంటే అది పైన తినట్లేదు, పైపొర కిందే, పైకొస్తున్న పురుగుల్ని తింటోంది, అప్పుడు డ్రై తేలేస్తే పట్టదు. ఇక్కడ చాలామంది ఫ్లైలు మార్చి మార్చి విసిగిపోతారు.

ఎంచుకునే పద్ధతి ఇదీ. ముందు సైజు, తర్వాత ఆకారం, ఆఖరున రంగు. గుర్తుంచుకోండి, రంగు ఆఖరున. నీళ్ల మీద పోతున్న పురుగు ఒకటి పట్టుకుని మీ ఫ్లై పక్కన పెట్టి చూడండి, నీళ్లలో ఉన్న పురుగు మనం అనుకున్నదానికంటే ఎప్పుడూ చిన్నదే ఉంటుంది. చేప వచ్చి చూసి వెనక్కి తిరిగిపోతే రంగు మార్చకండి, ఒక సైజు తగ్గించండి. దానికంటే ముందు డ్రాగ్ ఉందేమో చూసుకోండి, అది ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

పెట్టెలో ఏముండాలి? నా లెక్కలో ఏడు రకాలు. పారాషూట్ ఆడమ్స్, 14, 16 సైజుల్లో. ఆడమ్స్ అనే ఫ్లైని 1922లో మిషిగన్‌లో లెనార్డ్ హాలడే అనే ఆయన కట్టారు, పారాషూట్ దానికి తర్వాత వచ్చిన రూపం, తెల్లటి కుచ్చు నిలబడి ఉంటుంది కాబట్టి మన కంటికి దూరం నుంచి కూడా ఆనుతుంది. అది ఏ ఒక్క పురుగులాగానూ ఉండదు, అన్ని మేఫ్లైల్లాగా కొంచెం కొంచెం ఉంటుంది, అదే దాని బలం. రెండోది ఎల్క్ హెయిర్ కాడిస్, అల్ ట్రాత్ 1957లో కట్టింది, ఆ దుప్పి బొచ్చు వల్ల జోరు నీళ్లలో కూడా మునగదు. మూడోది ఫెసెంట్ టెయిల్ నింఫ్, ఇంగ్లాండ్‌లో ఏవన్ నది కాపలా చూసే ఫ్రాంక్ సాయర్ చేసింది, ఆయన దారమే వాడలేదు, రాగి తీగతోనే కట్టేశారు, తీగ బరువుకి అది అడుక్కి పోతుంది. చూడండి ఎంత తెలివో, కట్టేదీ అదే, ముంచేదీ అదే. నాలుగు, హేర్స్ ఇయర్ నింఫ్, బొచ్చుబొచ్చుగా చిందరవందరగా ఉంటుంది, అలాగే ఉండాలి. ఐదు, జీబ్రా మిడ్జ్, 18, 20 సైజుల్లో, చలికాలానికి. ఆరు, ఒక నల్ల చీమ లాంటిదో పేడపురుగు లాంటిదో ఫోమ్‌తో చేసింది, ఎండాకాలంలో గట్టు మీద గడ్డిలోంచి నీళ్లలో పడేవి ఇవే. ఏడు, ఊలీ బగ్గర్, 8, 10 సైజుల్లో, నలుపు ఒకటి, ఆలివ్ ఒకటి. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెస్సింగ్ కట్టారు. అది జలగో, చేపపిల్లో, ఏ పురుగో చేప ఇష్టం, ఎలా అనుకుంటే అలా, ట్రౌట్ ఒక్కటే కాదు, బాస్, సన్‌ఫిష్, చాలా చేపలు పడతాయి దానికి.

ఏడు రకాలు, తలా మూడో నాలుగో. రెండొందలు వద్దు. తక్కువ ఫ్లైలుంటే తక్కువ మారుస్తారు, తక్కువ మారిస్తే నీళ్లని ఎక్కువ చూస్తారు.

నింఫ్ వేసేవాళ్లకి ఒక మాట. దానిపైన లీడర్‌కి ఒక ఇండికేటర్, అంటే తేలే బెండు లాంటిది పెడతాం. ఎంత ఎత్తులో? నీళ్ల లోతుకి ఒకటిన్నర రెట్లు అని మొదలెట్టండి. అప్పుడప్పుడూ అడుగు రాళ్లకి తగలాలి, అస్సలు తగలకపోతే ఫ్లై చేపల నెత్తిమీంచి పోతోందన్నమాట, ఇంకో చిన్న సీసం గుండు పెట్టండి. అడుగున నీళ్లు పైన కంటే మెల్లిగా పారతాయి, అందుకని మీ బెండు బుడగల కంటే కాస్త వెనకబడి పోతుంటే సంతోషించండి, ఫ్లై అడుగుకి చేరిందని అర్థం. బెండు ఆగినా, వణికినా, పక్కకి జరిగినా రాడ్డు ఎత్తండి. రాయేమో అనుకోకండి, ఎత్తండి.

ఊలీ బగ్గర్‌ని అలా ఊరికే కొట్టుకుపోనివ్వరు, లైన్‌ని బెత్తెడు బెత్తెడు లాగుతూ ఆపుతూ తెస్తారు. దానికి చేప తగిలినప్పుడు రాడ్డు ఎత్తకండి, లైన్‌నే గట్టిగా లాగండి. డ్రై మీద మాత్రం చేప నోరు మూసుకుని కిందికి తిరిగేదాకా ఓ క్షణం ఆగి ఎత్తాలి, చూడగానే గుండె ఝల్లుమని లాగేస్తాం, నోట్లోంచి ఊడొచ్చేస్తుంది. ఇది చెప్తే వచ్చేది కాదు, కొన్ని చేపలు పోగొట్టుకుంటే వస్తుంది.

ఇందాక ఒకరు అడిగారు, ముడులు ఎన్ని నేర్చుకోవాలని. రెండు. ఫ్లైకి ఇంప్రూవ్డ్ క్లించ్, టిపెట్ కలపడానికి సర్జన్స్ ముడి. బిగించే ముందు ఉమ్ముతోనో నీళ్లతోనో తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. డ్రై ఫ్లై మునగకుండా దానికి జెల్ రాసేది మాత్రం అది తడవక ముందే, తడిశాక రాస్తే లాభం లేదు.

చేప తగిలింది, అనుకోండి. రాడ్డు వంగే ఉండాలి, అది పరిగెడితే పోనివ్వండి, ఆగితే చుట్టండి, పక్కకి వంచి లాగండి. మరీ ఎక్కువసేపు ఆడించొద్దు, అలిసిపోయి చచ్చిపోతుంది. వదిలేసేవాళ్లయితే కొక్కెం ముల్లు పక్కన ఉండే చిన్న కంటకాన్ని ముందే కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి, తేలిగ్గా ఊడొస్తుంది. చెయ్యి తడి చేసుకుని పట్టుకోండి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురు ఊడదీస్తుంది, ఆ జిగురే దానికి రోగాలు రాకుండా కాపాడేది. ఫోటో కావాలంటే కెమెరా సిద్ధంగా పెట్టుకుని అప్పుడు ఎత్తండి, మనం నీళ్లలో ఊపిరి బిగబట్టినట్టే అది గాల్లో. తర్వాత ఎగువకి తల పెట్టి పట్టుకోండి, దానంతట అది వెళ్లేదాకా. ట్రౌట్ నీళ్లు 20 డిగ్రీలు దాటితే నేను రాడ్డు మూసేస్తాను. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, వదిలిన చేప ఈదుకుంటూ పోయినట్టే ఉంటుంది, తర్వాత చచ్చిపోవచ్చు. థర్మామీటర్ ఒకటి జేబులో పెట్టుకోండి, ఫ్లై పెట్టె కంటే ముందు అది కొనమంటాను.

మీ ఒంటి సంగతి కూడా. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి, పోలరైజ్డ్ అయితే నీళ్ల మెరుపు తగ్గి అడుగు కనపడుతుంది, అంతకంటే ముఖ్యంగా కొక్కెం కంట్లో పడదు. నీళ్లలో దిగితే అడుగు ఎత్తకుండా పాదం జరుపుకుంటూ వెళ్లండి, వేడర్స్, అంటే నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని పొడుగు ప్యాంటు, వేసుకుంటే నడుముకి బెల్ట్ బిగించండి, పడితే లోపలికి నీళ్లు ఒక్కసారిగా రావు. ఉరుము వినపడితే రాడ్డు కింద పెట్టి గట్టెక్కండి, రాడ్డులో ఉండే గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది, 9 అడుగుల కర్ర పైకెత్తుకుని నిలబడే చోటు కాదు అది. పైన కరెంటు తీగలున్న చోట కూడా అంతే. ఒక ఏట్లోంచి ఇంకో ఏటికి వెళ్లేముందు బూట్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి, మన బూట్లతోనే నాచులు, పరాయి జీవాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతాయి.

ఇంకెవరికన్నా ప్రశ్నలున్నాయా? ఆ, అక్కడ. "చేపలు బాగా ఉన్నాయి, ఒక్కటీ పట్టట్లేదు, ఏం చెయ్యాలి?" రాడ్డు పక్కన పెట్టి గట్టు మీద కూర్చోండి. నిజంగా అంటున్నా, పావుగంట కూర్చోండి. ఒక్క చేపని ఎంచుకుని దాన్నే చూడండి. అది ఎంతసేపటికి ఒకసారి పైకొస్తోంది, ఎటువైపు జరిగి తింటోంది, ఏ పురుగు వదిలేస్తోంది. ఆ తర్వాత లేచి ఎక్కడ నిలబడాలో చూసుకోండి. అప్పుడు పెట్టె తెరవండి.

సరే, కూర్చున్నది చాలు. బయట గడ్డి మీద ఆరు రాడ్లు పెట్టాం, కొక్కేలు లేవు, లీడర్ చివర ఎర్ర నూలు ముక్కలు కట్టాం, ఎవరికీ గుచ్చుకోవు. అయినా కళ్లద్దాలు పెట్టుకోండి. ఇద్దరిద్దరు ఒక రాడ్డు తీసుకోండి, ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనక లైన్ తిన్నగా సాగిందో లేదో చూసి "ఇప్పుడు" అని చెప్పాలి. 25 అడుగులకి మించి లైన్ తియ్యొద్దు. పదండి.